ఎక్స్‌ఫోలియేషన్: ఇంట్లో చేసుకోవాలా, క్లినిక్‌లో చేయించుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

చర్మం మీది మృతకణాల్ని తీసేయడమే ఎక్స్‌ఫోలియేషన్. దానికోసం స్క్రబ్ కొనుక్కోవాలా, పీల్ (ఆమ్లం పూసి పైపొరను రాలగొట్టడం) చేయించుకోవాలా అని అడిగేవాళ్లలో చాలామంది ‘ఏది స్ట్రాంగ్’ అన్న లెక్కతోనే అడుగుతారు. అసలు చూడాల్సింది వేరే ఉంది. పని జరుగుతున్నంతసేపూ మీ చర్మాన్ని గమనిస్తూ ‘ఇక చాలు’ అని ఆపగలిగిన మనిషి పక్కన ఉన్నారా, లేరా? ఇంట్లో అలాంటివాళ్లు ఉండరు. కాబట్టి ఇంట్లో వాడేది, మీరు కాస్త పొరపడినా చర్మం తట్టుకునేలా ఉండాలి. కింది జవాబులన్నీ ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతాయి. ఎక్కువగా ముఖం గురించే చెప్పాను, ఒంటి సంగతి చివర్లో ఉంది.

చర్మం తనంతట తనే పాత కణాల్ని రాల్చుకుంటుంది కదా, మళ్లీ మనం చేసేదేమిటి?

నిజమే, రాల్చుకుంటుంది. పైచర్మం అడుగున పుట్టిన కణం మెల్లగా పైకి జరిగి, ఎండి, రాలిపోవడానికి యువకుల్లో సుమారు 28 రోజులు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఈ వేగం తగ్గుతుంది. పైన పేరుకున్న మృతకణాల పొరను స్ట్రాటమ్ కార్నియమ్ అంటారు. సాధారణంగా అందులో 15 నుంచి 20 వరుసల కణాలు ఉంటాయి. ముఖం మీద ఆ పొర మొత్తం మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా, బయటి క్రిములు లోపలికి రాకుండా అడ్డుపడేది అదే. దాన్ని ‘మురికి’ అనుకుని రుద్ది పారేయాలని చూడటంతోనే సగం సమస్యలు మొదలవుతాయి.

ఇంకో విషయం. ఈ కణాల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ప్రోటీన్ ముడుల్ని చర్మంలోని ఎంజైములే కోస్తాయి. ఆ ఎంజైములు పనిచేయాలంటే పైపొరలో తేమ ఉండాలి. పొడిబారిన ముఖం మీద పొట్టు రేగేది అందుకే. అలాంటి పొట్టుకు ముందు మాయిశ్చరైజర్ రాసి చూడండి. చాలామందికి స్క్రబ్ అవసరమే రాదు.

ఇంట్లో చేసుకునేవాటిలో ఏమేం రకాలున్నాయి?

రుద్దేవి, కరిగించేవి. స్క్రబ్బులు, బ్రష్‌లు, మెత్తని గుడ్డ లాంటివి మొదటి రకం. ఆమ్లాలు, ఎంజైములు రెండో రకం.

ఆమ్లాల్లో ఏహెచ్‌ఏలు (ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాలు) నీటిలో కరుగుతాయి. వాటిలో గ్లైకోలిక్ ఆమ్లం అణువు అన్నిటికంటే చిన్నది, కాబట్టి త్వరగా లోపలికి దిగుతుంది, మంట కూడా ఎక్కువే. లాక్టిక్ దానికంటే కాస్త నెమ్మది. మాండెలిక్ అణువు ఇంకా పెద్దది, సున్నితమైన చర్మానికి అది నయం. బీహెచ్‌ఏ (బీటా హైడ్రాక్సీ ఆమ్లం) అంటే ఆచరణలో సాలిసిలిక్ ఆమ్లమే. ఇది నూనెలో కరుగుతుంది, అందుకే జిడ్డు నిండిన రంధ్రాల్లోకి వెళ్లగలదు. గ్లూకోనోలాక్టోన్ లాంటి పీహెచ్‌ఏలు (పాలీహైడ్రాక్సీ ఆమ్లాలు) అన్నిటికంటే నెమ్మదైనవి. బొప్పాయి నుంచి వచ్చే పపైన్, అనాస నుంచి వచ్చే బ్రోమెలైన్ లాంటి ఎంజైములు పైపైనే పనిచేస్తాయి.

రుద్దడం కంటే కరిగించడమే నాకు మేలనిపిస్తుంది. చేత్తో రుద్దేటప్పుడు ఎంత బలం పెడుతున్నామో మనకే తెలియదు. ముక్కు పక్కన ఒకలా, బుగ్గ మీద ఒకలా పడుతుంది. ఆమ్లం కనీసం ముఖమంతా సమానంగా పరుచుకుంటుంది.

ఇంట్లో వాడే ఆమ్లం 10 శాతం, క్లినిక్‌లో 30 శాతం. అంటే మూడు రెట్లు ఎక్కువ పనిచేస్తుందనేనా?

శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. సీసాలోని ఆమ్లంలో చర్మంలోకి బాగా దిగేది ‘స్వేచ్ఛగా’ ఉన్న భాగం. ఆ భాగం ఎంత అన్నది పీహెచ్ (ఆమ్లత్వం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) చెబుతుంది. గ్లైకోలిక్ ఆమ్లంలో పీహెచ్ 3.8 దగ్గర సుమారు సగం స్వేచ్ఛగా ఉంటుంది. పీహెచ్ 4.8కి పెరిగితే అది పదో వంతుకు పడిపోతుంది. లెక్క వేస్తే, పీహెచ్ 4.8 ఉన్న 10 శాతం సీసాలో స్వేచ్ఛగా ఉన్నది దాదాపు 1 శాతమే. పీహెచ్ 3.5 ఉన్న 5 శాతం సీసాలో అది 3 శాతం దాటుతుంది. డబ్బా మీద చిన్న అంకె ఉన్న సీసాయే ఎక్కువ ఘాటైనదన్నమాట.

ఇక భద్రత లెక్కలు. అమెరికాలో సౌందర్య సాధనాల దినుసుల్ని సమీక్షించే నిపుణుల కమిటీ, ఇళ్లలో వాడే ఏహెచ్‌ఏలకు 10 శాతం లోపు, పీహెచ్ 3.5 కి తగ్గకుండా అని హద్దు పెట్టింది. శిక్షణ ఉన్నవాళ్లు సెలూన్లలో కొద్దిసేపు పెట్టి పూర్తిగా కడిగేసేవాటికి 30 శాతం వరకు, పీహెచ్ 3.0 కి తగ్గకుండా. డెర్మటాలజిస్టులు గ్లైకోలిక్‌ను 70 శాతం వరకు కూడా వాడతారు. అందులో చాలావాటి పీహెచ్ ఇంకా తక్కువ. 70 శాతం ద్రావణం ముఖం మీద ఉండేది కొద్ది నిమిషాలే. ఇంటి సీరం రాత్రంతా ఉంటుంది. రెండిటినీ అంకెలతో పోల్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

క్లినిక్‌లో పీల్ చేసేటప్పుడు అసలు ఏం జరుగుతుంది?

ముందు ముఖం మీద జిడ్డు పూర్తిగా తుడుస్తారు, లేకపోతే ఆమ్లం ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన దిగుతుంది. కళ్ల మూలలు, పెదవుల అంచులు, ముక్కు పక్క మడతల్లో వాసెలీన్ లాంటిది రాస్తారు. తర్వాత బ్రష్‌తోనో గాజుగుడ్డతోనో ద్రావణం పూస్తారు. అప్పటి నుంచి చేసేవాళ్ల పని ముఖాన్ని చూస్తూ ఉండటమే.

గ్లైకోలిక్ అయితే చర్మం సమానంగా ఎర్రబడటం గమనిస్తారు. అనుకున్న సమయానికి, లేదా ఎక్కడైనా ఎరుపు మితిమీరితే వెంటనే, సోడియం బైకార్బొనేట్ లాంటి క్షారంతో దాన్ని ఆపేస్తారు. ఆపకపోతే అది దిగుతూనే ఉంటుంది. 20–30 శాతం సాలిసిలిక్ పీల్ అలా కాదు. ద్రావకం ఆరగానే ఆమ్లం తెల్లటి పొడిలా పైన పేరుకుంటుంది, దాని పని దాదాపు అక్కడితో అయిపోతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ కడిగితే పోతుంది. టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం) పీల్‌లో కనిపించే తెలుపు వేరు. అది చర్మంలోని ప్రోటీన్ గడ్డకట్టడం వల్ల వస్తుంది, కడిగితే పోదు. ఎంత తెల్లబడిందో చూసి ఎంత లోతుకు దిగిందో అంచనా వేస్తారు. ఆ తెలుపును చదవడం అనుభవంతో వచ్చే విద్య. క్లినిక్‌లో మీరు డబ్బు కట్టేది ముఖ్యంగా దానికే, ద్రావణం కొనడం ఎవరైనా కొనగలరు.

పీల్ అంటే అన్నీ ఒకటేనా?

కాదు. లోతును బట్టి మూడు. పైపై పీల్స్ పైచర్మం దాటవు. గ్లైకోలిక్, సాలిసిలిక్ పీల్స్‌లో చాలావరకు, తక్కువ శాతం టీసీఏ, పలచగా పూసే జెస్నర్ ద్రావణం (సాలిసిలిక్, లాక్టిక్, రిసార్సినాల్ కలిపినది) ఈ కోవలోవే. కొన్ని రోజులు పొట్టు రేగి సర్దుకుంటుంది. మధ్యస్థ పీల్స్, ఉదాహరణకు 35 శాతం టీసీఏ, కింది చర్మం పైభాగం దాకా దిగుతాయి. కోలుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. లోతైన పీల్స్‌కి వాడే ఫినాల్ ఒంట్లోకి ఇంకి గుండె లయను దెబ్బతీయగలదు. అందుకే గుండె మానిటర్ పెట్టి మరీ చేస్తారు.

కాబట్టి ‘పీల్ చేయించుకున్నాను’ అని ఎవరైనా చెబితే ఏ పీల్ అని అడగండి. మధ్యస్థం నుంచి ఆ పైవన్నీ డాక్టర్ చేతుల్లోనే జరగాలి. పార్లర్లో పైపైవి కూడా, ఏ ఆమ్లం, ఎంత శాతం, ఎంతసేపు, తేడా వస్తే ఏం చేస్తారు అన్న నాలుగు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్ల దగ్గరైతేనే.

క్లినిక్‌లో వాడే పీల్ ద్రావణమే ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోవచ్చా?

వద్దు. ఘాటైన టీసీఏ, గ్లైకోలిక్, సాలిసిలిక్, లాక్టిక్ పీల్స్‌ని నిపుణుల పర్యవేక్షణ లేకుండా కొనొద్దు, వాడొద్దు అని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో ప్రజల్ని హెచ్చరించింది. కాలిన గాయాలు, ఇన్‌ఫెక్షన్లు, రంగు మారడం, శాశ్వత మచ్చలు రావచ్చని చెప్పింది. అద్దంలో చూసుకుంటూ, ఒక కన్ను మూసుకుని, మంట పుడుతుంటే నిమిషాలు లెక్కపెట్టుకుంటూ ఎవరి ముఖాన్ని వాళ్లు సరిగా అంచనా వేసుకోలేరు. వీడియోలో చూపించినవాళ్ల చర్మం మీది కాదు, వాళ్ల ముఖం వారం తర్వాత ఎలా ఉందో కూడా మీకు చూపించరు.

నా సమస్యకు ఏది సరిపోతుంది?

ముఖం కళ తప్పినట్టు ఉండటం, గరుకుతనం, అక్కడక్కడా బ్లాక్‌హెడ్స్. వీటికి ఇల్లు చాలు. గరుకుతనానికి లాక్టిక్, బ్లాక్‌హెడ్స్‌కి 2 శాతం సాలిసిలిక్ సరిపోతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టి తర్వాత తేల్చుకోండి.

మొటిమలు తగ్గాక మిగిలిన గోధుమ రంగు మచ్చలు రెండిటికీ లొంగుతాయి, క్లినిక్‌లో కాస్త త్వరగా. కానీ మొటిమలు ఇంకా వస్తూనే ఉంటే ముందు వాటికి మందు వాడాలి. పాతవి పోగొడుతుంటే కొత్తవి వస్తుంటే ఖర్చే మిగులుతుంది.

మంగు మచ్చల సంగతి జాగ్రత్తగా చూడాలి. ఎండ, వేడి, హార్మోన్లు అన్నీ కలిసి తెచ్చే మచ్చ అది. పీల్ ఒక్కదానితో పోదు. పోయినట్టు కనిపించి తిరిగొస్తుంది. తప్పుడు పీల్ పడితే ఇంకా నల్లబడుతుంది కూడా. డాక్టర్ ఇచ్చే క్రీములు, రోజూ సన్‌స్క్రీన్ దానికి అసలు చికిత్స. పీల్ పక్క వాయిద్యమే. మంగు ఉన్నవాళ్లు ఇంట్లో గట్టి ప్రయోగాలు చేయకపోవడమే మంచిది.

మొటిమల వల్ల పడ్డ గుంటలకు ఇంట్లో ఏ స్క్రబ్బూ, ఏ ఆమ్లమూ పనిచేయదు. గుంట ఉన్నది కింది చర్మంలో, మీరు కరిగిస్తున్నది పైపొరని. డాక్టర్లు సన్నని గుంటల్లోకి మాత్రమే అతి ఘాటైన టీసీఏ చుక్క పెట్టే పద్ధతి ఒకటుంది. దాన్ని ఇంట్లో అనుకరించిన వాళ్లకు గుంట ఇంకా పెద్దదైన సందర్భాలు ఉన్నాయి.

మా ఛాయ నలుపు, చామనఛాయ. మాకు తేడా ఏమైనా ఉందా?

ఉంది, పెద్దదే. ముదురు ఛాయ ఉన్న చర్మంలో రంగు తయారుచేసే కణాలు చిన్న దెబ్బకే ఉలిక్కిపడతాయి. కాలినా, గీరుకుపోయినా, మంట పుట్టినా ఆ చోట నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోతుంది. మచ్చ పోవడానికి చేసిన పనే కొత్త మచ్చ తెచ్చిపెడుతుంది. అందుకే లోతైన పీల్స్ ఈ ఛాయలకు సాధారణంగా చేయరు. సాలిసిలిక్, మాండెలిక్, లాక్టిక్, తక్కువ శాతంతో మొదలుపెట్టి మెల్లగా పెంచే గ్లైకోలిక్ లాంటి పైపైవాటితో జాగ్రత్తగా వెళ్తారు. ముందు కొన్ని వారాలు రంగు తగ్గించే క్రీము రాయించి చర్మాన్ని సిద్ధం చేసే డాక్టర్లూ ఉన్నారు. అడిగిన రోజే, చర్మం చరిత్ర కూడా అడక్కుండా, పెద్ద పీల్ చేసేస్తామనే చోటు నుంచి లేచి వచ్చేయండి.

ఇంట్లో వారానికి ఎన్నిసార్లు?

ఒకసారితో మొదలుపెట్టి, రెండు మూడు వారాలు ఏ ఇబ్బందీ లేకపోతే రెండుసార్లు. జిడ్డు చర్మమైతే మూడు. అంతకంటే ఎక్కువ అవసరమైనవాళ్లు తక్కువ. ఒకే రోజు స్క్రబ్, ఆమ్లం రెండూ వద్దు. కొత్తది ఏదైనా ముందు దవడ కిందో, మోచేతి లోపలి వైపో రాసి ఒకటి రెండు రోజులు చూడండి.

ఒక లెక్క చాలామంది మర్చిపోతారు. ఫేస్‌వాష్‌లో సాలిసిలిక్, టోనర్‌లో గ్లైకోలిక్, సీరంలో రెటినాల్ (విటమిన్ ఎ రకం, ఇదీ పొట్టు రాలుస్తుంది), పైన ఆదివారం మాస్క్. ‘నేను వారానికొక్కసారే చేస్తాను’ అనుకుంటూనే రోజుకు మూడుసార్లు చేస్తుంటారు. గడ్డం గీసుకునేవాళ్లకు రేజర్ కూడా మృతకణాల్ని తీసేస్తుంది, దాన్నీ లెక్కలో వేసుకోండి.

ఎక్కువైపోయిందని ఎలా తెలుస్తుంది?

మొదటి గుర్తు, అంతకుముందు ఏమీ అనిపించని మాయిశ్చరైజర్ రాస్తే చురుక్కుమనడం. తర్వాత నీళ్లకే మంట. ముఖం బిగుసుకుపోయి, ప్లాస్టిక్ కాగితంలా మెరుస్తుంది. ఆ మెరుపును ‘గ్లో’ అనుకుని ఇంకా రాసేవాళ్లున్నారు. చిన్న చిన్న పొక్కులు, ఎరుపు, పొట్టు ఆ తర్వాత వస్తాయి.

అప్పుడు చేయాల్సింది అన్నీ ఆపేయడం. వాసన లేని క్లెన్సర్, సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్న మాయిశ్చరైజర్, అవసరమైతే పైన పలచగా వాసెలీన్, పగలు సన్‌స్క్రీన్. అంతే. రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. నీటి పొక్కులు వచ్చినా, రసి కారుతున్నా, నొప్పి పెరుగుతున్నా ఇంటి వైద్యం వద్దు, డాక్టర్‌కి చూపించండి.

నిమ్మరసం, పంచదార, వంటసోడా పనిచేయవా?

నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది. అందులో ఆమ్లం ఎంతుందో కాయకో లెక్క. పైగా నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలెక్కి, నల్లని చారలు పడొచ్చు. వంటసోడా క్షారం. మన చర్మం పీహెచ్ 5 అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి అదీ పడదు. పంచదార పలుకులు ముఖానికి గరుకు, మోకాళ్లకి, మడమలకి పర్వాలేదు. సహజమైనది కాబట్టి మెత్తనిది అనుకోవడానికి లేదు.

పీలింగ్ జెల్ రుద్దితే ఉండలు ఉండలుగా వస్తోంది, అదంతా మృత చర్మమేనా?

చాలావరకు కాదు. జెల్‌లోని చిక్కదనం ఇచ్చే పదార్థాలే రుద్దినప్పుడు ఉండలు కడతాయి. వాటితో పాటు కాస్త పొట్టు కూడా వస్తుంది. చూడ్డానికి తృప్తిగా ఉంటుంది, అంతవరకే.

మైక్రోడెర్మాబ్రేషన్‌కి ఇంటి మెషీన్లు వచ్చాయిగా, క్లినిక్‌కి వెళ్లడం ఎందుకు?

ఈ పద్ధతి 1985లో ఇటలీలో మొదలైంది. అల్యూమినియం ఆక్సైడ్ పలుకుల్ని చర్మం మీదికి చిమ్మి, వాటినీ రాలిన పొట్టునూ ఒకేసారి పీల్చేసేవారు. ఇప్పుడు వజ్రపు పొడి అద్దిన మొనలు కూడా వాడుతున్నారు. ఇంటి మెషీన్లలో పీల్చే శక్తి తక్కువ, కాబట్టి ఫలితమూ తక్కువే. ఒకేచోట ఎక్కువసేపు ఆపితే కమిలిపోయి మచ్చ పడే ప్రమాదం మాత్రం తగ్గదు. నిజం చెప్పాలంటే క్లినిక్‌లో చేసేదైనా చర్మాన్ని నునుపు చేస్తుంది, పలచని మచ్చల్ని కాస్త తేలిక చేస్తుంది, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. ఇంట్లో సూదుల రోలర్ వాడటం అసలు ఎక్స్‌ఫోలియేషనే కాదు, దాని జోలికి వెళ్లకండి.

బ్లేడుతో చేసే డెర్మాప్లేనింగ్ తర్వాత వెంట్రుకలు దట్టంగా వస్తాయా?

రావు. కోసిన చివర మొద్దుగా ఉండటంతో గరుకుగా అనిపిస్తుంది, మందమూ సంఖ్యా మారవు. మొటిమలున్న ముఖం మీద మాత్రం బ్లేడు పెట్టొద్దు.

పీల్‌కి ముందు డాక్టర్‌కి ఏమేం చెప్పాలి?

దాచకుండా అన్నీ. రెటినాయిడ్ (రెటినాల్ జాతి) క్రీములు రాస్తుంటే సాధారణంగా కొన్ని రోజుల ముందే ఆపమంటారు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా, ఈమధ్యే ఆపినా చెప్పాలి. ఆరు నెలలు ఏమీ చేయకూడదన్నది పాత నియమం. 2017లో అమెరికా చర్మ నిపుణులు ఆధారాలన్నీ పరిశీలించి, పైపై పీల్స్‌కీ మైక్రోడెర్మాబ్రేషన్‌కీ అంత ఆగనక్కర్లేదని అన్నారు. అయినా ఆ నిర్ణయం మీ డాక్టర్‌దే.

పెదవుల దగ్గర తరచూ హెర్పిస్ పొక్కులు వస్తుంటాయా? మధ్యస్థ, లోతైన పీల్స్ వాటిని మళ్లీ రేపగలవు, ముందే మందు ఇస్తారు. ఆస్పిరిన్ పడకపోతే సాలిసిలిక్ పీల్ వద్దు, అది దానికి దగ్గరి చుట్టమే. గర్భిణులు పెద్ద శాతం సాలిసిలిక్ పీల్స్‌కీ, రెటినాయిడ్లకీ దూరంగా ఉండాలి. ఉబ్బుగా పెరిగే మచ్చలు, అంటే కెలాయిడ్లు వచ్చే తత్వం ఉంటే అదీ చెప్పండి. వారం లోపు వ్యాక్సింగ్ చేయించుకుని ఉంటే పీల్ వాయిదా వేయండి. ఎగ్జిమా, రోజేషియా (ముఖం ఎర్రబడే చర్మవ్యాధి) ఎర్రగా లేచి ఉన్నప్పుడు ఇంట్లోనూ వద్దు, బయటా వద్దు. సోరియాసిస్ ఉన్నవాళ్లకు గీరుకున్న చోటే కొత్త మచ్చ లేవగలదు.

పీల్ తర్వాత రోజులు ఎలా గడుస్తాయి?

పైపై పీల్ అయితే మొదటి రోజు ఎండలో తిరిగొచ్చినట్టు ఎరుపు, కాస్త బిగుతు. రెండు మూడు రోజులకు నోటి చుట్టూ పొట్టు మొదలై, వారంలోపు ముగుస్తుంది. కొందరికి పొట్టే రాదు. పీల్ పనిచేయలేదని టెన్షన్ పడక్కర్లేదు, కంటికి కనిపించనంత సన్నగా కూడా రాలుతుంది. ఆ వారంలో చేయకూడని పని ఒక్కటే, గోటితో పొట్టు లాగడం. మచ్చలు పడే దారుల్లో అది మొదటిది.

ఎండ సంగతి ఇంటి ఆమ్లాలకూ వర్తిస్తుంది. ఏహెచ్‌ఏలు వాడుతున్నన్నాళ్లూ, ఆపిన తర్వాత ఇంకో వారమూ చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్లున్న రంగు సన్‌స్క్రీన్ తీసుకుంటే మేలు, కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది, మామూలు సన్‌స్క్రీన్ దాన్ని పెద్దగా ఆపదు. సన్‌స్క్రీన్ రాయడం కుదరదనుకుంటే ఆమ్లాలు వాడకపోవడమే లాభం.

ఎన్ని సిట్టింగులు కావాలి? ఫలితం ఎన్నాళ్లుంటుంది?

పైపై పీల్స్ సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో నాలుగు నుంచి ఆరు సార్లు. ఒక్కసారికే పెద్ద మార్పు చూపిస్తామంటే అనుమానించండి. కొత్త కణాలు వస్తూనే ఉంటాయి కాబట్టి నునుపు కొన్ని వారాలే నిలుస్తుంది. మచ్చ తగ్గడం ఎక్కువకాలం ఉండొచ్చు, మచ్చకు కారణమైనది ఆగితే. సిట్టింగుల మధ్యా, తర్వాతా ఇంట్లో తేలికపాటి ఆమ్లం వాడటం చాలామందికి సరిపోయే పద్ధతి.

ఒంటికి కూడా ఇవే నియమాలా?

ఒంటి చర్మం మందం, ఎక్కువ తట్టుకుంటుంది. చేతుల పైభాగంలో, తొడల మీద కోడిచర్మంలా గరుకుగా ఉండే చిన్న పొక్కులకు ఎంత రుద్దినా ప్రయోజనం లేదు. 12 శాతం లాక్టిక్ లేదా 10 నుంచి 20 శాతం యూరియా ఉన్న లోషన్ రోజూ రాస్తే మెత్తబడతాయి, మానేస్తే తిరిగొస్తాయి. షేవింగ్ తర్వాత లోపలికి పెరిగే వెంట్రుకలకు సాలిసిలిక్ పనికొస్తుంది, షేవ్ చేసిన రోజు కాకుండా మర్నాడు. మెడ, ఛాతీ మాత్రం ముఖం కంటే నెమ్మదిగా మానుతాయి. క్లినిక్‌లో కూడా అక్కడ తక్కువ ఘాటుతోనే చేయమని అడగండి.